నాన్న కూర్చున్న పెట్టె

నా బంగారు గువ్వకు,

నీ ఉత్తరం అందింది తల్లీ. ఒకసారి చదివాను, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను, మూడోసారి మందుల షాపు అమ్మాయి చేత చదివించుకున్నాను. నా కళ్ళే నన్ను మోసం చేస్తున్నాయేమో అనుకున్నాను. మోసమేమీ లేదు. ఇకనుంచి ఈ కొండల కింద ఉన్న ఊళ్ళన్నిటికీ పిడుగుల వానల హెచ్చరిక రాసేది నువ్వేనట. నా గువ్వ. సీటు అందక సైకిల్ కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కిన గువ్వ.

ఇంక నేను ఆగగలనా? చేతులకు గ్రీజు ఉందని కూడా చూసుకోకుండా వీధిలో అందరికీ చెప్పి వచ్చాను. బేకరీ బావ ఊరుకోడు కదా. "మీ అమ్మాయి చెబితే వాన పడుతుందా బావా, వాన పడ్డాక మీ అమ్మాయి చెబుతుందా?" అని అడిగాడు. మామూలు రోజయితే నాలుగు తగిలించేవాణ్ణి. ఆ పూట మాత్రం వాడి దగ్గరే బన్నులు కొని వాడి నోట్లోనే పెట్టాను.

నీకు తెలియనిదేమీ కాదు, అయినా సంతోషం వస్తే చెప్పిందే చెప్పాలనిపిస్తుంది. మన వీధి అలాగే ఉంది. షాపులు, వాటి వెనక గోడ, గోడ వెనక వాగు. ఎండాకాలంలో నువ్వు చెప్పులు చేత్తో పట్టుకుని దాటిన వాగే. వీధి చివర మెట్లు, మెట్ల పైన బడి. నేను షాపు ముందు నా చెక్కపెట్టె మీద కూర్చుని పంక్చర్లు వేస్తున్నాను. కొత్తగా వచ్చిందల్లా రేడియో. పాతదే కొన్నాను, గట్టిగా పెడితే నా చెవులకు కూడా అందుతుంది. ఫోన్లో నీ గొంతు తేనెటీగ రొదలా వినిపిస్తుంది తప్ప మాట తెలియదు, అందుకే మనకు ఈ ఉత్తరాలే దిక్కు. మరీ అవసరం పడితే మందుల షాపుకి ఫోన్ చెయ్యి. వీధి మొత్తానికి ఉన్న ఫోన్ అదొక్కటే. ఆ అమ్మాయి నాకు సైగలు చేసి చెబుతుంది.

వేళకు తిను. మబ్బుల్ని చూస్తూ కూర్చుని అన్నం మర్చిపోకు.

ఆనందంతో అక్షరాలు వంకర్లు పోతున్న
నీ నాన్న

*

ప్రియమైన నాన్నకు,

నీ వంకర అక్షరాలు చూసి ఆఫీసులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మా పెద్ద సారు ఏమైందని అడిగితే, మా నాన్నకు ప్రమోషన్ వచ్చిందని చెప్పాను.

నా పని నువ్వు అనుకున్నంత గొప్పది కాదు. మధ్యాహ్నం ఎండకు తడిగాలి కొండెక్కి, గోపురంలా మేఘం లేస్తుంది. అలాంటివి రోజూ బోలెడు లేస్తాయి. వాటిలో ఏది చతికిలపడుతుందో, ఏది పిడుగులతో కుమ్మరిస్తుందో ముందుగా పట్టుకోవాలి. మేఘం నడుస్తూ పోతే అంత భయం లేదు, తలా కొంచెం తడిపి పోతుంది. ఒకేచోట నిలబడిపోయి, ఒకటి ఖాళీ అయ్యేసరికి దాని వెనకే ఇంకొకటి పుడుతూ ఉంటేనే నాకు గుండెలో రాయి పడుతుంది. అప్పుడు వాన కొండ మీద పడుతుంది, నీళ్ళు మన వీధికి వస్తాయి. మీకు ఒక్క చినుకు పడకపోవచ్చు, ఎండ కూడా కాస్తూ ఉండొచ్చు. అందుకే మన ఆకాశం చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

ఇంకొక మాట. నా హెచ్చరికలు చాలాసార్లు తప్పుతాయి. మేఘం ఎక్కడ విరుగుతుందో చివరి గంట వరకు ఎవరికీ తెలియదు. తప్పినా పర్వాలేదనుకుని ముందే చెప్పడమే మా పని. కాబట్టి వీధిలో నా గురించి మరీ గొప్పలు పోకు నాన్నా. డ్యూటీలో ఉండగా సొంత ఫోన్లు కూడా చేయకూడదు మాకు. మనవాళ్ళకు ముందు, ఊరికి తరువాత అన్న పద్ధతి ఇక్కడ లేదు.

నీ ఛాతీకి మందు వాడుతున్నావా?

నీ గువ్వ

*

గువ్వా, తల్లీ,

నీ మొదటి హెచ్చరిక రేడియోలో విన్నాను. చదివింది ఎవరో మగమనిషి. అయినా "వాగుల పక్కన ఉన్నవాళ్ళు ఆలస్యం చేయకుండా ఎత్తుకు వెళ్ళండి" అన్న మాట నీదేనని నాకు తెలిసిపోయింది. చిన్నప్పుడు నన్ను నిద్రలేపేటప్పుడు కూడా నీది అదే గొంతు, ఆలస్యం చేయకు నాన్నా, ఆలస్యం చేయకు నాన్నా అని.

పెట్టె మీదనుంచి ఒక్క గెంతు గెంతి కేకలు పెట్టాను. వీధి వీధంతా కదిలింది. బేకరీ బావ పిండి బస్తాలు మోశాడు. మందుల షాపు అమ్మాయి సీసాలన్నీ బుట్టలకెత్తింది. నా షాపు వెనక గదిలో ఉండే మేస్త్రీ పెళ్ళాం చంటిదాన్ని భుజాన వేసుకుని వచ్చింది. సాయంత్రం దాకా బడి వరండాలో కూర్చున్నాం. ఏమీ రాలేదు తల్లీ. వాగులో రాయి కూడా తడవలేదు.

దిగేటప్పుడు నా అవస్థ చూడాలి నువ్వు. బావ బస్తా భుజానికెత్తుకుని, "మీ మేఘాలమ్మకు చెప్పు బావా, ఈసారి వాన పంపకపోతే మోసిన కూలైనా పంపమని" అన్నాడు. మేస్త్రీ పెళ్ళాం కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నన్ను ఏమన్నా పడతాను. నా చెవుల్ని వెక్కిరించినా పడతాను. నిన్ను అంటే ఎలా పడతాను?

అప్పుడు ఆ దేవుడే నా నోట ఒక మాట పలికించాడు. "అది ఆఫీసు వాళ్ళు అన్ని ఊళ్ళకూ కలిపి చెప్పే మాటరా. మన వీధికి నిజంగా ముప్పు ఉంటే నా కూతురు కన్నతండ్రిని వదిలేసి ఊరుకుంటుందా? మందుల షాపుకి ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్ వచ్చేదాకా నేను ఈ పెట్టె మీదనుంచి లేవను. నేను లేవనంతసేపు మీరూ కంగారు పడక్కర్లేదు" అన్నాను.

ఇంక చూసుకో. బావ నోరు మూతపడింది. ఇప్పుడు మబ్బు పడితే చాలు, వీధిలో వాళ్ళంతా తలుపులోంచి తొంగి నా పెట్టె వైపు చూస్తున్నారు. నేను కూర్చుని ఉంటే బట్టలు ఆరేసుకుంటున్నారు. నీ తండ్రి పంక్చర్లు వేసుకునే మనిషే, అయినా నీ పుణ్యమా అని వీధికి పెద్ద దిక్కయ్యాడు. ఇంతకన్నా ఏం కావాలి నాకు?

గర్వంతో చొక్కా బిగువైన
నీ నాన్న

*

నాన్నా,

ఈ ఉత్తరం చదివాకే మిగతా పని చూడు.

ఆ రోజు వాన పడింది నాన్నా. కొండకు అవతలి వైపు పడింది, అక్కడ ఒక వంతెన కొట్టుకుపోయింది. గాలి కాస్త ఇటు తిరిగి ఉంటే అది మీ వాగులోకి వచ్చేది. ఎటు తిరుగుతుందో నాకు తెలియక రెండు వైపుల వాళ్ళకూ చెప్పాను. నువ్వు అది తప్పు అనుకున్నావు. మీరు తప్పించుకున్నారు, అంతే.

నేను ఫోన్ చేయను. ఇది బాగా విను. ఎప్పటికీ చేయను. ఆఫీసు రూలు అని మాత్రమే కాదు. ఆ వాగు మన వీధితో ఆగదు, కింద ఇంకా ఊళ్ళున్నాయి. వాళ్ళెవరికీ ఈ ఆఫీసులో కూతురు లేదు. వాళ్ళకు ఉన్నది రేడియో ఒక్కటే. నీకూ అదే. నేను నీకు చెప్పాలనుకున్నదంతా అందులోనే చెబుతాను, వేరే దాచిపెట్టి ఇంకేమీ ఉండదు.

ఇప్పుడు ఏం జరిగిందో చూశావా? హెచ్చరిక వస్తే లేచి వెళ్ళే వీధి, ఇప్పుడు నా ఫోన్ కోసం కూర్చుంటోంది. నువ్వు కూర్చుంటే వాళ్ళూ కూర్చుంటారు. నువ్వు నా పరువు నిలబెట్టాలని ఆ మాట అన్నావని నాకు తెలుసు. నా పరువు పోనీ. బేకరీ మామయ్య రోజూ నవ్వుకోనీ. నువ్వు మాత్రం ఈ రోజే వీధిలోకి వెళ్ళి, ఆ మాట వెనక్కి తీసుకో. హెచ్చరిక వినగానే అందరికన్నా ముందు నువ్వే లే.

కొండ మీద నేల ఇప్పటికే తడిసి నానిపోయి ఉంది. ఇంక నీళ్ళు ఇంకే చోటు లేదు, పడినదంతా జారి వస్తుంది. ముందున్న వారం నాకు అస్సలు నచ్చడం లేదు.

నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్న
గువ్వ

*

నా మేఘాల రాణికి,

నీ దగ్గరనుంచి ఉత్తరం లేదు. పని తెమలడం లేదేమో. లేకపోతే ఘాట్ రోడ్డు మీద మళ్ళీ మట్టి జారి పోస్టు బండి ఆగిందేమో. వచ్చినప్పుడే చదువుకుంటాను, నువ్వు బెంగపడకు.

నీకొక శుభవార్త. నిన్న రేడియోలో మళ్ళీ హెచ్చరిక వచ్చింది. అందరూ నా వైపు చూశారు, నేను మందుల షాపు వైపు చూశాను, ఆ అమ్మాయి ఫోన్ వైపు చూసింది. మోగలేదు. నేను లేవలేదు. వీధిలో ఒక్కరు కూడా లేవలేదు. ఒక జల్లు పడి రోడ్డు మీద దుమ్ము అణిగింది, అంతే. వాగు మటుకు కాస్త ఎర్రగా, మన గోడ అడుగుదాకా వచ్చి పోయింది. ఎంత కచ్చితం తల్లీ నువ్వు. నువ్వు మాట్లాడితే నిజం, మాట్లాడకపోయినా నిజమే.

బావ ఇప్పుడు నన్ను చూస్తే లేచి నిలబడుతున్నాడు. వేళాకోళానికే అనుకో, నిలబడుతున్నాడు కదా. పెట్టెకి నీలం రంగు వేశాను, దూరంనుంచి కూడా కనిపించాలని.

నిశ్చింతగా కూర్చున్న
నీ నాన్న

*

నాన్నా,

ఇది ఎవరు చదువుతారో తెలియకుండా రాస్తున్నాను. మీ వైపు రోడ్డు తెగింది, లైన్లు పడిపోయాయి. సహాయం పట్టుకుని వెళ్ళే లారీలో మీ పోస్టుమ్యాన్ కూడా వస్తున్నాడని తెలిసి, అతని చేతికి ఇస్తున్నాను. నిన్న పొద్దున్న నీ నీలం పెట్టె ఉత్తరం అందింది. నా ముందు ఉత్తరం నీకు అందలేదని అప్పుడు అర్థమైంది. నేను డ్యూటీ ఎక్కిన పూటే.

మధ్యాహ్నానికి రాడార్‌లో మీ కొండ మీద ఒక ఎర్ర మచ్చ లేచింది. కదులుతుందని చూశాను. కదలలేదు. దాని వెనకే రెండోది, అదే చోట. పైన గాలి లేదు, తోసేవాళ్ళు లేరు. పెద్ద సారు నా వెనక నిలబడి, ఇంకాసేపు చూద్దామా అన్నారు. మొదటిసారి తప్పింది కదా, రెండోసారి జల్లుతో సరిపోయింది కదా, మళ్ళీ తప్పితే జనం మన మాట వినడం మానేస్తారని ఆయన భయం. చూసేంత సమయం లేదు సార్ అన్నాను. ఆయన కుర్చీ లాగి నా పక్కన కూర్చున్నారు. రాసి పంపాను. వాగుల పక్కన ఉన్నవాళ్ళు ఆలస్యం చేయకుండా ఎత్తుకు వెళ్ళండి.

పంపాక, ఆ మాట రేడియోలో చదువుతుండగా, నాకు నువ్వు కనిపించావు. పెట్టె మీద కూర్చుని ఫోన్ వైపు చూస్తూ. నేను ఎప్పటికీ చేయనని రాసిన మనిషిని లేచి వెళ్ళి మందుల షాపు నంబరు తిప్పాను. ఎంగేజ్. మళ్ళీ తిప్పాను. ఎంగేజ్. చేత్తో రిసీవర్ పట్టుకుని ఉండగానే కింది ఊళ్ళ హెచ్చరిక రాయాల్సి వచ్చింది. పెద్ద సారు తల తిప్పుకున్నారు. నేను ఫోన్ పెట్టేసి, నాకు తెలియని ఆ ఊళ్ళ కోసం రాశాను నాన్నా. నీ కోసం మూడోసారి తిప్పలేదు.

బతికి ఉంటే తిట్టు. ఎంత తిట్టినా చదువుతాను. ఒక్క ముక్క రాయి చాలు.

గువ్వ

*

నా బంగారు కొండ, నా తల్లి, నా గువ్వకు,

బతికే ఉన్నాను. నేనే కాదు, వీధిలో అందరం ఉన్నాం. చంటిదానితో సహా. ముందు ఈ ముక్క చదివి, లేచి వెళ్ళి అన్నం తిని వచ్చి, అప్పుడు మిగతాది చదువు.

నీ ఉత్తరాలు రెండూ కలిసే వచ్చాయి, మొదటిది తడిసి అప్పడంలా అతుక్కుపోయింది. ఎండలో ఆరబెట్టి చదివాను. తిట్టమన్నావు. నాకు తిట్లు రావడం లేదు తల్లీ, ఏడుపూ నవ్వూ ఒకేసారి వస్తున్నాయి. ఎదురుగా కూర్చున్న మందుల షాపు అమ్మాయి కంగారుపడి నా నాడి చూస్తోంది.

జరిగింది చెబుతాను. మధ్యాహ్నం, వీధిలో చక్కగా ఎండ కాస్తోంది. రేడియోలో నీ మాట వచ్చింది. అందరూ నా పెట్టె వైపు చూశారు. నేను ఎప్పటిలాగే మందుల షాపు వైపు చూశాను. అప్పుడే ఫోన్ మోగిందని అందరి తలలూ అటు తిరగడం చూసి తెలుసుకున్నాను. ఆ అమ్మాయి ఎత్తి, విని, నాకు చెయ్యి ఊపింది, మీ అమ్మాయి కాదు అని. దగ్గు మందు సీసాలు పంపే టోకు వర్తకుడట. పగిలిన సీసాల గురించి వాడితో పెద్ద గొడవ పెట్టుకుంది. బావ మళ్ళీ రొట్టెల ట్రే లోపలికి తోశాడు. నేనూ కూర్చున్నాను. అవును, నేనూ కూర్చున్నాను.

అప్పుడు వెనక గదిలోంచి మేస్త్రీ పెళ్ళాం వచ్చింది. నా చెవి దగ్గర వంగి, "మీరు కూర్చునే ఉన్నారు కదా బాబాయ్, అయితే చంటిదాన్ని పడుకోబెట్టేస్తాను" అంది.

అంతే మాట. మామూలుగా అంది, నవ్వుతూ కూడా అంది. ఆ గది గోడ వెనకే వాగు. మేస్త్రీ పెళ్ళానికి ఆకాశంతో పని లేదు, రేడియోతో పని లేదు, నా కూర్చోవడమే చాలు. నా పిరుదుల కింద పెట్టె పెనంలా కాలింది తల్లీ. నా మాట నమ్మి ఒక పసిబిడ్డ పడుకోబోతోంది, నేనేమో నీ మాట రేడియోలో విని కూడా నమ్మకుండా ఇంకో మాట కోసం కాచుకుని ఉన్నాను.

లేచాను. పదండి, మెట్లెక్కండి అన్నాను. ఎవరూ కదల్లేదు. బావ, "ఫోన్ రాలేదు కదా బావా, నువ్వే కదా చెప్పావు" అన్నాడు. నా తాళంతో నాకే తలుపు వేశాడు. వాళ్ళకు నచ్చజెప్పే టైమ్ ఎక్కడిది? మందుల షాపు అమ్మాయి చెవి దగ్గర ఇంకా రిసీవర్ ఉంది. దాని వైపు వేలు చూపించి గట్టిగా అరిచాను.

"అదిగో ఫోన్. నా కూతురే. వరద వస్తోందట."

ఆ అమ్మాయి నోరు తెరిచింది, కాదు అనడానికే. నా మొహం చూసింది. టోకు వర్తకుణ్ణి అలాగే మధ్యలో వదిలేసి, రిసీవర్ బల్ల మీద పడేసి, "అవును. ఆమే" అంది.

ఇంక వీధి ఆగలేదు. మేస్త్రీ పెళ్ళాం చేతిలో బిడ్డ, వెనక నేను, నా నెత్తిన ఆ దిక్కుమాలిన పెట్టె. ఎందుకు మోశానో నాకే తెలియదు. బావ చేతికందిన రొట్టెల ట్రే పట్టుకుని, "ఈసారి కూడా రాకపోతే ఈ రొట్టెలన్నీ మీ అమ్మాయే కొనాలి" అని సణుగుతూ ఎక్కాడు. సగం రొట్టెలు మెట్ల మీదే పడ్డాయి.

వాగు వచ్చింది నేను వినలేదు. బడి వరండాలో అందరి మొహాలూ ఒక్కసారి కిందికి తిరిగాయి, బావ సణుగుడు సగంలో ఆగింది, అది చూసి నేనూ తిరిగాను. ఎండ అలాగే ఉంది. ఆ ఎండలో మన గోడ లోపలికి వంగి, విరిగి, బురదనీళ్ళు వీధి నిండా నిలువెత్తున దూసుకొచ్చాయి. నా టైర్లు బొంగరాల్లా తిరుగుతూ పోయాయి. వెనక గది ఉన్న చోట ఏమీ లేదు. మేస్త్రీ పెళ్ళాం చంటిదాన్ని గుండెకు అదుముకుని అక్కడే కూలబడిపోయింది. కాసేపటికి పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు మాత్రం నాకు వినిపించింది, నువ్వు నమ్మినా నమ్మకపోయినా.

షాపు పోయింది. పోనీ. పంపు, పానా, రేడియో అన్నీ పోయాయి. నా నీలం పెట్టె ఉంది, దాని మీదే కూర్చుని రాస్తున్నాను. కింది ఊళ్ళల్లో కూడా జనం ముందే పైకి చేరారని లారీ డ్రైవర్ చెప్పాడు. నువ్వు మూడోసారి నంబరు తిప్పకుండా రాసిన మాట వాళ్ళకు అందింది తల్లీ. దానికి నిన్ను తిట్టమంటావా?

నీ ఉత్తరాలు రాకముందే ఒక పని చేశాను. బడిలో అందరూ నువ్వు ఫోన్ చేసి కాపాడావని నీకు దణ్ణాలు పెడుతున్నారు. ఎవరు పొగిడినా పొంగిపోయే మనిషిని కదా నేను, ఆ రోజు మాత్రం ఒక్కో దణ్ణం ముల్లులా గుచ్చుకుంది. మళ్ళీ వచ్చే వానకు వీళ్ళు మళ్ళీ ఫోన్ వైపే చూస్తారు. అందుకని పెట్టె మీద నిలబడి చెప్పేశాను.

"ఫోన్ రాలేదు. నేను అబద్ధం ఆడాను. వరద వస్తుందని చెప్పింది రేడియోనే. అది అందరితోపాటు నేనూ విన్నాను."

ముందు బావే లేచాడు. "అయితే నెలకు నాలుగుసార్లు ఊరికే మెట్లెక్కించినా ఎక్కాలంటావు" అన్నాడు. ఎక్కాలన్నాను. "సరే. పిండి తక్కువ తెప్పించుకుంటాను, మోయడానికి తేలిగ్గా ఉంటుంది" అన్నాడు. బురదలో ఒక సైకిల్ బెల్లు దొరికితే కడిగి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇకనుంచి రేడియోలో నీ మాట రాగానే అది మోగిస్తూ అందరికన్నా ముందు నేను మెట్లెక్కాలట. వీధి తీర్మానం.

ఇదంతా అయ్యాక నీ ఉత్తరాలు వచ్చాయి. నువ్వు ఫోన్ చేశావని చదివాను. నా కూతురు రెండుసార్లు నంబరు తిప్పింది. నేను గాల్లో ఆడిన అబద్ధాన్ని, అదే వేళకు అక్కడ నువ్వు నిజం చేస్తున్నావు. మందుల షాపు అమ్మాయి ఎదురుగానే ఉంది. బావ పక్కనే రొట్టెలు కోస్తున్నాడు. ఎగిరి గంతేసి, చూశారా, నా గువ్వ నాకోసం ఫోన్ చేసింది, చేసిందిరా అని ఊరంతా వినపడేలా అరవాలని నోటిదాకా వచ్చింది.

"ఏం రాసింది బావా?" అని అడిగాడు.

"వేళకు అన్నం తినమంది" అన్నాను.

ఉత్తరం మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాను. ఇంత సంతోషాన్ని ఎవరికీ చెప్పకుండా దాచుకోవడం నాకు ఇదే మొదటిసారి తల్లీ, కడుపు ఉబ్బిపోతోంది. అయినా చెప్పను.

చేతిలో బెల్లుతో
నీ నాన్న